మొదటి తిప్పుడు

బీదర్ మైసూర్ స్టేట్ల ఉన్నప్పటి ముచ్చట. గాంధీ గంజ్‌ల మా పప్పుల మిల్లుకు డీజిల్ ఇంజన్ ఉండె. చలికి అది మొండికేస్తే మిస్త్రీ మామ వచ్చి, డీజిల్ జర ముందుగాల పడేటట్టు పంపు టైమింగ్ జరిపేటోడు. జరిపినంక, "దూరం జరుగుండ్రి, మొదటి తిప్పుడు నాది" అని ఇంజన్ చాలు చేసే హ్యాండిల్ తనే పట్టేటోడు. ఎందుకంటే ఒకసారి తను టైమింగ్ ఎక్కువ జరిపితే హ్యాండిల్ ఎదురుతన్ని ఆయన తమ్ముని చెయ్యి విరిగింది. అది వంకరగనే అతుక్కుంది.

ఓ ఏడు మామ జ్వరంతోని, కంబళి కప్పుకొని వచ్చిండు. టైమింగ్ జరిపిండు గాని, తిప్పే బలం లేదు.

"నేను తిప్పుత అన్నా, ఏం గాదు" అని ఆయన ఎంబడి వచ్చిన తమ్ముడు ముందటికొచ్చిండు.

మామ ఆ వంకర చేతి దిక్కు చూసిండు. పానా తీసుకొని టైమింగ్‌ను మళ్ల ఎనకకే జరిపి ఇంటికి పోయిండు.

ఆ చలికాలమంతా మా మిల్లు ఎండెక్కినంకనే నడిచింది. ఇంకో మిస్త్రీని పిలుద్దామని మా నాయిన గూడ అనలే.