రజియా టీచర్ వసారాలో కారణాంకాలు

సోమవారం తెల్లవారేసరికి సరోజన మా గేటు పట్టుకొని నిలబడి ఉంది. "అన్నా, రజియా టీచర్ పోయింది" అన్నది. రాత్రి గుండెపోటు. ముందునాటి సాయంత్రమే వసారాలో పాఠం చెబుతూ కనిపించిన మనిషి మరణవార్తను నమ్మడానికి ఖబరస్తాన్ దాకా నడవాల్సి వచ్చింది.

గోదావరిఖని సర్కారు బడిలో గణితం చెప్పి రిటైరయ్యాక ఆమె తన వసారానే బడి చేశారు. ఇంటాయనను సెకండ్ షిఫ్టు డ్యూటీకి సాగనంపిన ఇల్లాళ్లు, పదో తరగతి లెక్కల్లో తప్పినవాళ్లు, అక్కడికి వచ్చేవారు. సరోజన వారిలో ఒకరు. భర్త జబ్బుపడి గని పని మానేశాడు. దవాఖానలో ఆయా పని దొరకాలంటే ఆమె పది పాసవ్వాలి. మిగిలింది లెక్కలొక్కటే.

ఉమ్మడి కారణాంకం బయటికి తీయడం దగ్గరే ఆమెకు చిక్కు. 12x + 6 ఇస్తే 6(2x) అని రాసేది.

"ఆరు బయటికి తీసినంక ఆడ ఇంకేముంటది టీచర్, ఖాళీయే గద!"

"అయితే మళ్ల గుణించి సూడు."

గుణిస్తే 12x ఒక్కటే వచ్చింది. "అమ్మో, నా ఆరు ఎటువాయె?"

"మా అన్న చాయల కలుపుకొని తాగిండేమో వదినే!" అన్నది పక్కనున్న రాజమ్మ. అందరి నవ్వూ ఆగేదాకా ఆగి టీచర్ అడిగారు: "ఆరుల ఆరు ఎన్నిసార్లు పోతది?"

"ఒక్కసారి."

"గా ఒకటి లోపల రాయి మరి. 6(2x + 1)."

మర్నాడు మళ్లీ అదే తప్పు. మళ్లీ అదే ఓపిక. విసుగు రాదా అని ఒకసారి అడిగాను. "ఇంట్ల వంట, మొగనికి మందులు అన్నీ చేసుకొని వస్తది. ఆమె అలసిపోలే, నేనెందుకు అలసిపోత?" అన్నారు.

పరీక్ష రేపు. నిన్న సరోజన దారిలో కలిసింది.

"పోతలేనన్నా. టీచర్ పోయినంక ట్యూషన్ సారు దగ్గరికి పోయిన. ఎనిమిదో తరగతి లెక్క గూడ రాదా అన్నడు. పిల్లలంత నవ్విండ్రు."

"వచ్చేసారి రాద్దువులే అమ్మా."

"దవాఖానోళ్లు అప్పటిదాంక ఆగుతరా?"

ఈ బొగ్గు ఊళ్లో ట్యూషన్లకు కొదవ లేదు. నలభై ఏళ్ల ఆడమనిషి సిగ్గుపడకుండా తప్పు చేయగలిగిన చోటు మాత్రం టీచర్ వసారా ఒక్కటే. టీచర్‌కు కన్నీటి సలాం. నిన్న ఆ మాట అని సరోజన హాల్‌టికెట్టును మడిచి కొంగులో ముడేసుకొని, మందుల దుకాణం వైపు వెళ్లిపోయింది.