ఫోన్ వాళ్ళ దగ్గర, ముఖం నా గదిలో

మా వంటవాడి ముఖం మీద మొదటి దెబ్బ పడినప్పుడు నేను మెస్ వెనక బియ్యం బస్తాలు దింపిస్తున్నాను. దెబ్బ కనబడలేదు, వినబడింది. మాంసం మీద పిడికిలి పడితే ఎలాంటి చప్పుడు వస్తుందో నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఆ వెంటనే గిన్నెలు నేల మీద దొర్లిన మోత. శుక్రవారం మధ్యాహ్నం. సెలవు రోజు కాబట్టి ఖతార్‌లోని మెసయీద్ కూలీల క్యాంప్‌లో మనుషులంతా గదుల్లోనే ఉన్నారు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

ఆ క్యాంప్‌కి నేను బాస్‌ని. గదుల కేటాయింపు, నీళ్ళ ట్యాంకర్లు, మెస్, తగాదాలు అన్నీ నా పని. ఉన్నవాళ్ళలో సగానికి పైగా జగిత్యాల, నిజామాబాద్ వైపు మనుషులు. కొందరి ఊళ్ళు మా ఊరికి కూతవేటు దూరం. మాది గడి ఉన్న దొరల ఇల్లు. ఇప్పుడు గడి లేదు. టేకు దర్వాజలు మా నాన్న అమ్మేశాడు, గోడల రాళ్ళు ఊరివాళ్ళు తమ పునాదులకు మోసుకుపోయారు. పేరు మాత్రం నా వెంట ఖతార్ దాకా వచ్చింది. ఎదుట 'సార్' అనేవాళ్ళు వీపు వెనక 'దొర' అంటారు. అందులో మర్యాద లేదని తెలుసు. నేను ఎన్నడూ వెనక్కి తిరిగి చూడలేదు. పిలిచినవాడికి నా వీపు నిటారుగా కనబడితే చాలనుకున్నాను.

వంటవాడు శ్రీలంక తేయాకు తోటల తమిళుడు. మావాళ్ళకు వండిపెడుతూ నేర్చాడు కాబట్టి అతని తెలుగు కరీంనగర్ తెలుగే. నన్ను 'పెద్దన్నా' అనేవాడు. అతనికి ఒక్కతే కూతురు, చిన్న పిల్ల, చక్కెర జబ్బు. రోజూ ఇన్సులిన్ సూది పడకపోతే బతకదు. ఆ ఏడు వాళ్ళ దేశం దివాలా తీసింది. పెట్రోలు బంకుల దగ్గర మనుషులు కత్తులతో పొడుచుకుంటున్నారు. వంటవాడి బామ్మర్ది తల క్యూలోనే పగిలింది, వెనకవాడు ఖాళీ డబ్బాతో కొట్టాడు. ఆస్పత్రిలో మందు లేదు, మీరే తెచ్చుకోండి అన్నారు. ఇక్కడినుంచి పంపిన డబ్బు అక్కడి బ్యాంకులో పడుతుంది, బయటికి రాదు. వచ్చినా వాళ్ళ రూపాయల్లో వస్తుంది. ఇన్సులిన్ దొంగచాటుగా తెప్పించి అమ్మేవాడు ఒకడున్నాడు గాని వాడు రూపాయి ముట్టడు. డాలరు నోటు చేతిలో పెట్టాలి, లేదా ఫోన్‌లో డాలర్ కాయిన్ అనే క్రిప్టో వెయ్యాలి.

ఖతార్‌లో ఆ వ్యాపారం చెల్లదు. ఎక్స్‌చేంజ్ కౌంటర్ దగ్గర కాయిన్ మాట ఎత్తితే గుమాస్తా ముందు సెక్యూరిటీ వైపు చూస్తాడు. కాబట్టి కొనాలంటే మనిషి దగ్గర మనిషి కొనాలి. మా క్యాంప్‌లో ఆ మనిషి ఒక క్రేన్ ఆపరేటర్. వంటవాడు దాచుకున్నదంతా తెచ్చి మెస్‌లో అతని చేతికిచ్చిన రోజు నేను అక్కడే టీ తాగుతున్నాను.

"ఇగ నంబరు పెట్టాలె భాయ్, ఆరంకెలు," అన్నాడు ఆపరేటర్.

"నువ్వే పెట్టుకో అన్నా. కూరల ఉప్పేసిన్నా లేదా అన్నదే యాదుండది నాకు."

"నంబరు నేను పెడ్త తియ్. నీకు ముఖం పెడ్త. ఫోన్ ముంగట ముఖం జూపిస్తె తెరుసుకుంటది."

"గదే మంచిగుంది. నా ముఖం ఎవడెత్తుకపోతడు?"

"నీ పెండ్లామే సముద్రం అవతలికి తోలిన ముఖం. ఎవనికి గావాలె?"

ఇద్దరూ నవ్వారు. నేను నవ్వలేదు గాని ఆపలేదు కూడా.

ఆపరేటర్ వంటవాడికి ఇచ్చింది డాలర్ కాయిన్, దాని ధర కదలదు. మావాళ్ళకు మాత్రం ఇంకోటి అంటగట్టాడు, ఏడాదిలో రెట్టింపు అవుతుందని. అది ఆ ఎండాకాలంలో కుప్పకూలింది. మర్నాడు ఆపరేటర్ డ్యూటీకి రాలేదు. మంచం మీద పరుపు కూడా లేదు. ఊళ్ళో భూమి కుదువపెట్టి అప్పు తెచ్చి పెట్టినవాళ్ళున్నారు. ఒకడు గోడకు తల బాదుకుని నుదురు చీల్చుకున్నాడు. వాళ్ళ కోపానికి ఒక మనిషి కావాలి. ఆపరేటర్ పారిపోయేముందు చివరిసారి కాయిన్ పంపింది వంటవాడి ఫోన్‌కేనని ఎవరో చెప్పారు. ఇంకేముంది, మా పైసలన్నీ ఆ ఫోన్‌లోనే దాచిండన్నారు.

నేను మెస్‌లోకి వెళ్ళేసరికి వంటవాణ్ణి రొట్టెల బల్ల మీదికి వంచి పట్టుకుని ఉన్నారు. ముందుండి కొడుతున్నవాడు షట్టరింగ్ కార్పెంటర్, మా పక్క ఊరివాడు. ఒకడు జుట్టు పట్టి తల ఎత్తుతున్నాడు, ఇంకొకడు ముఖం ముందు ఫోన్ పెడుతున్నాడు.

"తెరుసుకుంటలేదన్నా."

"మల్ల జూపియ్!"

"మల్ల జూపిచ్చిన. నువ్వెవరో తెల్వదంటుంది."

"రక్తం తుడువ్, రక్తం."

ఒకడు వంటవాడి ముఖాన్నే గిన్నె తుడిచే గుడ్డతో తుడిచాడు. ఎడమకన్ను మూసుకుపోయింది, పెదవి రెండుగా చీలింది, ముక్కు పక్కకు ఒరిగింది. అందులో ముఖమని చెప్పదగింది ఏమీ మిగల్లేదు.

"మనమే ఖరాబ్ జేస్తిమి గదరా ముఖాన్ని," అన్నాడు జుట్టు పట్టుకున్నవాడు నెమ్మదిగా.

"నంబర్ జెప్పు బే!" అని కార్పెంటర్ ఇంకో దెబ్బ వేశాడు. వంటవాడికి నంబర్ తెలియదు. తెలియదనే అంటున్నాడు. నోట్లో పళ్ళు విరిగి ఉండటంవల్ల ఆ మాట ఎవరికీ అర్థం కావడం లేదు. అతని అరచేతిని మండుతున్న పెనం వైపు లాగడం మొదలుపెట్టారు.

తలుపు దగ్గర స్కాఫోల్డింగ్ పైపు ముక్క ఉంది. దాంతో కార్పెంటర్ కుడిచేతి మీద కొట్టాను. ఎముక విరిగింది, ఆ చప్పుడు కూడా నాకు తెలిసిందే. ఎవరో గ్యాస్ స్పానర్‌తో నా వీపు మీద మోదారు. నేను వంగలేదు. వంగితే అయిదుగురూ మీద పడేవాళ్ళు. పైపు ఎత్తి పట్టుకుని, "ఇంకెవడు?" అన్నాను. కార్పెంటర్ విరిగిన చేతిని పొట్టకు హత్తుకుని ఎడమచేత్తో ఫోన్ జేబులో వేసుకున్నాడు. "ఫోన్ మాత్రం ఇయ్య దొరా. చంపుకో," అన్నాడు. మొదటిసారి ఆ మాట నా ఎదురుగా అన్నాడు.

వంటవాణ్ణి నా గదికి ఈడ్చుకెళ్ళి గడియ పెట్టాను. క్యాంప్ నర్సు కేరళవాడు. మెట్ల మీద పడ్డాడని చెప్పాను. కుట్లు వేస్తూ, "ఏ మెట్లకి సార్ ఇన్ని పిడికిళ్ళు?" అన్నాడు హిందీలో. రాసింది మాత్రం మెట్లనే. కార్పెంటర్ తన చేతి మీద పలక పడిందని సైట్‌లో రాయించుకున్నాడు. షుర్తాకు చెప్పే దారి ఎవరికీ లేదు. పోలీసులు వస్తే మొదట అడిగేది ఫోన్‌లో ఏముందనే. అప్పుడు కొట్టినవాళ్ళతోపాటు దెబ్బలు తిన్నవాడూ జైలుకు పోతాడు.

అలా ఫోన్ వాళ్ళ దగ్గర, ముఖం నా గదిలో. రెండూ ఒకచోట చేరితే గాని ఏ పనీ కాదు.

మర్నాటినుంచి ఒక వింత మొదలయ్యింది. కొట్టినవాళ్ళే డ్యూటీ నుంచి వస్తూ సైట్ కూలర్లోని ఐసు మోసుకొచ్చి నా కిటికీ దగ్గర పెట్టేవాళ్ళు.

"దొరా, వాపు తగ్గిందా?"

"పో ఇక్కణ్ణుంచి."

"పండుకునేటప్పుడు మెత్త రెండేసుకొమ్మను. ఉబ్బు జల్ది దిగుతది."

వాళ్ళ ఐసే వంటవాడి చెంపలకు కట్టాను. ఐసుకు కులం లేదు, పగ లేదు. వంటవాడి భార్య నా ఫోన్‌కి చేసేది. అతను మాట్లాడలేక మూలిగేవాడు, నేను హిందీలో, ఆమె గల్ఫ్ ఇళ్ళలో పనిచేసి నేర్చిన వచ్చీరాని హిందీలో మాట్లాడుకునేవాళ్ళం. అక్కడ కరెంటు పూటల తరబడి ఉండటం లేదు. ఉన్న చివరి ఇన్సులిన్ సీసాను ఆమె తడి ఇసుక నింపిన కుండలో పెట్టింది. పిల్లకు సూది తగ్గించి వేస్తోంది. ఈ వారం గడవదని చెప్పింది. ఇక్కడే మందు కొని మనిషి చేత పంపుదామని దోహాలోని ఉమ్ ఘువైలినాలో లంకవాళ్ళు తినే హోటళ్ళన్నీ తిరిగాను. ఆ వారం వెళ్ళేవాడు ఒక్కడూ లేడు. పోయినా విమానాశ్రయం నుంచి తోటల కొండ ఎక్కడానికి బస్సుకు డీజిల్ లేదన్నారు.

మళ్ళీ శుక్రవారం నాటికి వాపు దిగింది. అతని పాత ముఖం కొంత బయటపడింది. ఇక ఫోన్ కావాలి. పైపుతో వెళ్తే ఫోన్ పగులుతుంది. నేను పైపు లేకుండా, పగటి పూటే, అందరూ చూస్తుండగా కార్పెంటర్ గదికి నడిచాను. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. లేవలేదు.

"ఏంది దొరా, ఇట్ల దారి తప్పినవ్?"

"ఫోన్ కావాలె."

"అడుగుతున్నవా, హుకుమిస్తున్నవా?"

నా జన్మలో ఆ మాట ఎవరితోనూ అనలేదు.

"అడుగుతున్న."

పై మంచం మీద ఎవడో ఈల వేశాడు. "దొర అడుగుతుండురో! వీడియో తియ్యిరా!"

"ఎవడన్న ఫోన్ లేపితె పండ్లు రాలగొడ్త," అన్నాడు కార్పెంటర్. నావైపు తిరిగాడు. "మా తాతను మీ గడి ముంగట ఎండల నిలవెట్టి కొట్టిండ్రట. ఎందుకో ఎర్కేనా?"

"తెల్వది."

"మాకు గూడ తెల్వది. గా ఫోన్ల పైసల్ వంటాయనయే అని నాకు ముందుగాలనే ఎర్క. మాయి గాలికి వాయె. ఎవన్నన్న కొట్టాలె గదా మరి? ఒక్క దెబ్బ దొరా. నిలవడి తినాలె. కండ్లు మూసుడు లేదు."

"చెయ్యి విరిగింది గదా."

"ఎడమచెయ్యున్నది."

నిలబడ్డాను. అతను లేచి, కాళ్ళు ఎడంగా పెట్టి, నడుం తిప్పి కొట్టాడు. ఎడమచేత్తో అంత బలం ఉంటుందనుకోలేదు. కుడిచెవిలో ఏదో చిట్లింది, వెచ్చగా మెడమీదికి కారింది. గది ఒక్కసారి ఒరిగి మళ్ళీ నిలబడింది. కాళ్ళు కదలనివ్వలేదు. అది న్యాయమని నేను అనుకోలేదు, ఇప్పటికీ అనుకోను. నేను పుట్టకముందు పడిన దెబ్బకు నేను జవాబుదారీ కాదు. పిల్లకు మందు కావాలి, దాని వెల ఆ రోజు అదీ, ఇచ్చాను. ఆ చెవికి ఇప్పుడు వినపడదు.

కార్పెంటర్ ఫోన్ తీసుకుని నా వెనకే వచ్చాడు. మిగతావాళ్ళూ వచ్చారు. నా గది నిండిపోయింది. వంటవాడు వాళ్ళను చూసి మంచం మీద గోడవైపు జరిగిపోయి చేతులు తలకు అడ్డం పెట్టుకున్నాడు.

"కొట్టరు. చెయ్యి తియ్," అన్నాను.

ఫోన్ చూపించాము. తెరుచుకోలేదు. వెలుతురు వైపు తిప్పాము. తెరుచుకోలేదు.

"ముఖం నిండ గడ్డమున్నది గదరా," అన్నాడు కార్పెంటర్. "గీకున్రి."

ఎవరో బ్లేడు తెచ్చారు. పోయిన శుక్రవారం జుట్టు పట్టుకుని తల ఎత్తినవాడే ఇప్పుడు గడ్డం కింద చెయ్యి పెట్టి, కుట్లు తప్పించి గీశాడు. ఆ చెయ్యి మీద పడగానే వంటవాడు వణికాడు. చెంప కొంచెం తెగి రక్తం చిమ్మింది. "ఊకో భాయ్, ఊకో," అన్నాడు గీసేవాడు. మళ్ళీ చూపించాము. ఫోన్ తెరుచుకుంది.

అతని డాలర్ కాయిన్ పైసా తగ్గకుండా ఉంది. అందరూ వంగి చూశారు. పైపు మంచం కింద ఉంది, నా చేతికి అందదు. "పంపుకో అన్నా మన ఫోన్లకు. గీన్నే ఉన్నడు, ముఖం గీన్నే ఉన్నది," అన్నాడొకడు. కార్పెంటర్ వెనక్కి చూడకుండానే మోచేత్తో వాడి డొక్కలో పొడిచాడు. వాడు మడతపడి కూలాడు.

"పంపు. యల్లా," అన్నాడు వంటవాడితో.

వంటవాడు బామ్మర్దికి పంపాడు. కళ్ళు మూసి తెరిచేలోగా వెళ్ళిపోయింది. సముద్రం దాటడానికి ఏ బ్యాంకునూ అడగలేదు, ఏ సర్కారునూ అడగలేదు. మావాళ్ళు నోళ్ళు తెరిచి చూశారు. అవతల మాత్రం కరెంటు లేదు, టవరు చచ్చిపోయింది, బామ్మర్ది ఫోన్‌కి అది కనబడేసరికి మాకు మధ్యాహ్నం గడిచి సాయంత్రమైంది. మందు అమ్మేవాడు కాయిన్ మళ్ళీ తనెవరికి అమ్ముకోవాలంటూ మూడోవంతు కోసుకున్నాడు. ఇచ్చిన సీసాలు చేపల ఐసులో పెట్టుకుని బామ్మర్ది కొండ ఎక్కుతుంటే దారిలో ఇద్దరు పెట్రోలు డబ్బా అనుకుని సంచి లాగారు. ఇచ్చేది లేదని సంచి మీద బోర్లా పడుకున్నాడు. వీపు మీద, మెడ మీద తన్నారు. సంచిలో చేపల వాసన రావడంతో తిట్టి వదిలేశారు.

మర్నాడు పొద్దున భార్య ఫోన్ చేసినప్పుడు మంచం చుట్టూ అంతా నిలబడి ఉన్నారు. డ్యూటీ బస్సు బయట హారన్ కొడుతున్నా ఎవడూ కదల్లేదు. సీసాల్లో ఒకటి పగిలిందని, మిగతావి బాగున్నాయని, పిల్లకు నిండు సూది వేశానని ఆమె తమిళంలో ఏడుస్తూ చెప్పింది. ఎవరూ తెలుగులో చెప్పనవసరం లేకపోయింది.