జలుబని చెప్పిన అబద్ధం

ఈ రోజు మా నాలుగు నెలల పాపకు ట్రిపుల్ ఇంజెక్షన్ రెండోసారి వేయించాల్సిన రోజు. మొదటిసారి వేయించినప్పుడు ఒళ్లు కాలిపోయి, ఒక రోజంతా పాలు సరిగ్గా తాగలేదు. అందుకే మా అత్తగారు, "జలుబు చేసిందని చెప్పు, వాళ్లే పంపించేస్తారు" అన్నారు. ఉయ్యూరు ఆసుపత్రిలో నేను అలాగే చెప్పాను.

స్టవ్ మీద నీళ్లలో సిరంజి మరుగుతోంది. నర్సమ్మ గారు పాప ముక్కు చూసి, వీపుకి చెవి ఆనించి విన్నారు.

"పాపకి జలుబేం లేదమ్మా. మీకే భయంగా ఉందా?" అని మెల్లగా అడిగారు.

నాకు ఏడుపు ఆగలేదు. జరిగిందంతా చెప్పేశాను.

"జ్వరం వస్తుందండీ, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోద్ది. ఇది వేయించకపోతే, రేపు కోరింత దగ్గు పట్టుకుంటే మాత్రం ఇంత పసిది తట్టుకోలేదు. పాలు తాగకపోతే వెంటనే తీసుకురండి, నేను చూస్తాగా" అన్నారు.

వేయించాను. సాయంత్రానికి పాప ఒళ్లు వెచ్చబడింది. అత్తగారు నాతో మాట్లాడటం మానేసి పాపతో మాత్రమే మాట్లాడుతున్నారు. మంచిపనే చేశానని తెలుసు. అయినా పాప నుదుటి మీద నుంచి చెయ్యి తీయలేకపోతున్నాను. ఇందాక నాలుగు గుక్కలు పాలు తాగింది. మీ పిల్లలకు వేయించిన రోజు మీరెలా ఉన్నారో కాస్త చెప్పరూ?