అల్లుడి నోట్లో ఆవిరి

సిగరెట్టు మానేద్దామన్న ఒకే ఒక్క మంచి ఆలోచన నన్ను స్విండన్ బస్ స్టేషన్ బయట తడి నేల మీద కూలదోసి, నా పరువును నలుగురిలో గంగలో కలిపింది. ఎలాగో చెబుతాను. మీరు నవ్వుకోండి, ఇప్పుడు నేనూ నవ్వుతాను. ఆ రోజు మాత్రం నా పైప్రాణాలు పైనే పోయాయి.

తెనాలి నుంచి మా అత్తగారు మొదటిసారి ఈ దేశం వస్తున్నారు. పెళ్లిచూపుల్లో ఆవిడ "అలవాట్లేమైనా ఉన్నాయా బాబూ?" అని అడిగితే, "కాఫీ ఒక్కటేనండీ" అని సిగ్గుపడుతూ చెప్పిన మహానుభావుణ్ణి నేను. ఆ అబద్ధాన్ని మా శిరీష ఇన్నాళ్లూ కాపాడుకుంటూ వచ్చింది.

"ఏవండీ, అమ్మకి మీ దగ్గర ఒక్కసారి ఆ కంపు తగిలిందా, ఇక ఈ జన్మలో నా మాట నమ్మదు" అంది.

"మానేస్తాగా!"

"పోయినసారీ ఇదే అన్నారు. డాక్టరు దగ్గర నర్సు చెప్పిందిగా, సిగరెట్టు బదులు ఆవిరి పీల్చే ఆ వేప్ ఏదో కొనుక్కోండి. షాపు వాళ్లని అడిగి కొనండి. మీ తెలివి మాత్రం వాడకండి."

ఆ చివరి మాట వినుంటే ఈ కథే లేదు.

షాపులో గోడ నిండా వేపులే. కౌంటర్ దగ్గరున్నావిడ పెన్నంతది ఒకటి తీసి, "మొదటిసారికి ఇది చాలు, డియర్" అంది. నాకు నచ్చలేదు. మనం మిక్సీ కొనేటప్పుడు ఏం చూస్తాం? వాట్లు!

"అన్నిటికంటే ఎక్కువ వాట్లది ఏది?"

ఆవిడ ఇటుకంత డబ్బా ఒకటి తీసి, "ఇది బాగా అలవాటున్నవాళ్లకి" అంది. నాకు అలవాటు లేదన్నట్టు మాట్లాడుతుందేమిటని రోషమొచ్చి అదే కొన్నాను. "ఇందులో నికోటిన్ తక్కువున్నదే పోయాలి" అని ఆవిడ చెబుతుంటే తలూపేసి, అందులో పోసే ద్రవం సీసా మాత్రం పక్కనున్న సూపర్‌మార్కెట్లో తీసుకున్నాను. బ్లూబెర్రీ వాసనది. ఒకదాని మీద నికోటిన్ మూడు అని, ఇంకోదాని మీద ఇరవై అని ఉంది. ధర ఒకటే. ఒకే ధరకు ఇరవై ఇస్తుంటే మూడు తీసుకునే తెలుగువాడు ఇంకా పుట్టలేదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అని ఊరికే అన్నారా!

శనివారం శిరీష హీత్రో విమానాశ్రయానికి వెళ్లి, వాళ్లమ్మను కోచ్ బస్సులో తీసుకొస్తోంది. నేను బస్ స్టేషన్ బయట కారులో కూర్చున్నాను. వాన. పొద్దుటి నుంచి సిగరెట్టు ముట్టలేదు. ఆవిడ కారెక్కగానే వాసన పట్టేస్తారా? నా మొహం చూసి కనిపెట్టేస్తారా? ఆ భయం తట్టుకోలేక, అద్దాలు బిగించుకుని ఇటుకను నోట పెట్టి, సిగరెట్టు లాగినట్టే గుండెల నిండా లాగాను. దగ్గొచ్చింది. సరిగ్గా లాగలేదేమోనని మళ్లీ లాగాను. ఇంకోసారీ లాగాను.

ముందు ఆ తెల్లటి ఆవిరిలో స్టీరింగ్ మాయమైంది. తర్వాత నా చేతులు మాయమయ్యాయి. తల గిర్రున తిరిగింది, ఒళ్లంతా చెమటలు పట్టాయి. నిజంగానే పోతున్నాననుకున్నాను. పోతే పోయాను గానీ, అత్తగారి ముందు వద్దు స్వామీ అని మొక్కుకున్నాను.

అప్పుడే బయట అరుపు.

"అమ్మో! కారు తగలబడిపోతోందే శిరీషా! అల్లుడుగారు లోపలే ఉన్నారే!"

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఆ సామెత చెప్పినాయన నా కారు చూడలేదు. కోచ్ డ్రైవరు మంటలార్పే సిలిండర్ పట్టుకుని పరుగెత్తుకొచ్చి తలుపు లాగాడు. తెల్లటి మబ్బు బయటికొచ్చింది, దాని వెనకాల నేనూ జారి, సరిగ్గా అత్తగారి కాళ్ల దగ్గర పడ్డాను. ఆవిడ అలవాటు కొద్దీ దీవించబోయి ఆగిపోయారు.

డ్రైవరు ముక్కు ఎగరేసి వాసన చూసి, సీటు మీది ఇటుకను ఎత్తాడు. "ఫస్ట్ వేప్, మేట్?" అని నన్నడిగి, వణికిపోతున్న పెద్దావిడకు ధైర్యం చెబుదామనుకున్నాడు. రెండు వేళ్లు పెదాల దగ్గర పెట్టి సిగరెట్టు తాగినట్టు చూపించాడు. నన్ను చూపించాడు. వద్దన్నట్టు తలూపి, ఇటుకను చూపించి బొటనవేలు పైకెత్తాడు. ఇంత చక్కగా నా బండారం నేను కూడా బయటపెట్టలేను.

శిరీష మొహంలో నెత్తురుచుక్క లేదు. "అమ్మా, అదీ... ఆయన సిగరెట్టు మానేస్తున్నారు."

"దీన్ని మానెయ్యడం అంటారా?" అన్నారు అత్తగారు.

"అవునండీ" అన్నాను నేల మీద నుంచే.

కారులోంచి ఇంకా వస్తున్న పొగను ఆవిడ తీరిగ్గా చూశారు.

"మానడానికే ఇంత పొగైతే, తాగేరోజుల్లో ఈ ఊరివాళ్లు ఎట్లా బతికారు నాయనా?"

ముందు శిరీష ఫక్కున నవ్వింది. తర్వాత ఆవిడ నవ్వారు. నాకు మాత్రం వాంతి వచ్చింది.

మర్నాడు అత్తగారు చీర మీద స్వెట్టరు తొడుక్కుని, నన్ను వెంటబెట్టుకుని షాపుకెళ్లి, ఉన్నవాటిలోకెల్లా చిన్నదాన్ని వేలితో చూపించారు. కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నోట్లో పెట్టుకునే వస్తువేదీ ఇక నా సొంత తెలివితో కొనను. మొన్న టూత్‌బ్రష్షు కూడా అత్తగారే ఎంచి ఇచ్చారు.