గంగామణక్కకు దొరికిన కౌంటింగ్ ఏజెంట్లు

2023, అసెంబ్లీ ఎలక్షన్లు. నేను నిజామాబాద్ కోర్టుల ఒక పెద్ద వకీలు దగ్గర జూనియర్‌గ చేరి నాలుగు నెలలే అయింది. మా ఖాందాన్‌ల డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. గీ ముచ్చట ఎవలు దొరికినా చెప్పకుంట ఉండలేను.

బోధన్ దిక్కు మా ఊర్ల చెరుకు పండించే గంగామణక్క ఇండిపెండెంట్‌గ నిలవడ్డది. ఆమె కాగితాల పని సారు నాకిచ్చిండు. ఓట్లు లెక్కవెట్టే కాడ అభ్యర్థి తరఫున టేబుల్‌కొకలు కూసొని చూస్తరు, గాళ్ళనే కౌంటింగ్ ఏజెంట్లంటరు. గాళ్ళ పేర్లు ఫారం 18ల రాసి, ఫోటోలు పెట్టి, గడువు లోపల ఇయ్యాలె. ఊర్ల చదువుకున్నోళ్ళను ఏరి నలుగురిని రాసిన: అంగన్‌వాడీ టీచర్, ఆశా వర్కర్, రేషన్ డీలర్, బడిల కంప్యూటర్ సారు.

ఆఖరి దినం మధ్యాహ్నం ఎలక్షన్ ఆఫీసుల క్లర్కు లిస్టు చూసి నవ్విండు.

"వకీలమ్మా, సర్కారు జీతమోళ్ళు, గౌరవ వేతనమోళ్ళు, రేషన్ డీలర్లు కూసోవద్దు. చదువుకోలేదా? నాలుగు పేర్లూ పోయినయ్. అయిదు దాకనే టైము."

సిగ్గుతోని గంగామణక్కకు ఫోన్ చేసిన.

"ఊర్ల చదివినోళ్ళంటే గాళ్ళే బిడ్డా," అన్నది. "లెక్కకాడ నా మనిషే లేకుంటే నేను నిలవడుడెందుకు?"

రూల్ మళ్ళా చదివిన. ఎవలు కూసోవద్దో ఉన్నది. పెద్ద చదువు ఉండాలని ఎక్కడ లేదు. మా అవ్వకు ఫోన్ కొట్టిన. అవ్వ అంటే మా అమ్మ, బీడీలు చుడుతది.

"అవ్వా, అంకెలు చదువుతవ్ గదా?"

"కార్ఖానల నా బీడీల లెక్క ఎవలు చూసుకుంటున్నరే, నువ్వా?"

గంగామణక్క, అవ్వ, ఇంకో ముగ్గురు బీడీలు చుట్టేటోళ్ళు ఒక్క ఆటోల దిగిండ్రు. బోధన్‌ల అప్పటికప్పుడు ఫోటోలు దిగొచ్చిండ్రు.

"గీ ఫోటోల నేను దొంగ లెక్క ఉన్న," అన్నది అవ్వ.

"మంచిదే. నిన్ను చూసి దొంగలు భయపడ్తరు," అన్నది గంగామణక్క.

అయిదుకు ఇరవై నిమిషాలుండంగ క్లర్కు ముద్ర గుద్దిండు. ఈసారి నవ్వలే.

లెక్కింపు నాడు టేబుల్ కాడ పెద్ద పార్టీ ఏజెంట్ అవ్వను చూసి, "ఏందక్కా, బీడీలు గిక్కడ చుడుతవా?" అన్నడట.

"నీ తలకాయ జర పక్కకు జరుపు తమ్మీ. మిషిన్ల అంకె కనవడ్తలేదు," అన్నదట అవ్వ.

మూడో మిషిన్ గంగామణక్కకు నలభై ఏడు ఓట్లు చూపెట్టింది. రాసేటాయన నలభై ఒకటి రాసిండు. అవ్వ కాగితం మీద వేలు పెట్టింది.

"సారూ, గది ఒకటి గాదు, ఏడు."

"తొందరల ఉన్నమమ్మా."

"నాకు తొందర లేదు. మళ్ళా చూపెట్టు."

చూపెట్టిండ్రు. ఏడే. కొట్టేసి, దిద్ది, సంతకం పెట్టిండ్రు.

గంగామణక్క ఓడిపోయింది, చాన ఓట్లతోనే. బయట ఎవలో, "ఆరు ఓట్ల కోసం అంత లొల్లా?" అంటే, "నావి గవి, వదులుమంటే ఎట్ల వదులుత?" అన్నది.

ఆ పనిల నేను నేర్చుకున్నది గిది. రూల్ పట్టుకొని ఎవలన్న "వద్దు" అంటే తలకాయ దించుకోవద్దు. ఆ వద్దు ఎక్కడిదాక ఉన్నదో చూడాలె. దాని అవతలి జాగ మనదే.