మా ట్రాక్టర్‌కు డంపర్ నూనె

ముందే చెబుతున్నాను, ఈ కథలో ట్రాక్టర్ బతుకుతుంది, పత్తి కూడా మొలుస్తుంది, నా పరువు మాత్రం దక్కదు. జాలిపడే అలవాటున్న వాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. మళ్లీ ఓదార్పులు వినే ఓపిక నాకు లేదు.

మహారాష్ట్రలోని రాజురా దగ్గర మాది తాతల నాటి సేద్యం. అప్పటికి నాకు పెళ్లయి ఏడాది. ఇంట్లో నాకన్నా వయసులో పెద్దదైన ట్రాక్టర్ ఒకటి ఉండేది. మిరుగం తొలకరి వాన రేపో మాపో అన్నట్టుంది. ఆలోగా దుక్కి ముగించకపోతే ఆ ఏడు పత్తి మీద ఆశ వదులుకోవలసిందే. సరిగ్గా అప్పుడే ట్రాక్టర్‌లో గేర్ల నూనె మార్చాల్సి వచ్చింది.

"మా నాయనకు ఫోన్ చెయ్యి, ఏ నూనె పొయ్యాల్నో చెప్తడు," అంది నా భార్య సుజాత. మా మామకు ఆసిఫాబాద్‌లో ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ఉంది.

"కొత్త అల్లుడు మామను నూనె సంగతి అడుగుతడా?" అన్నాను. మా వైపు కొత్త అల్లుడు అత్తారింట్లో మంచినీళ్లు కూడా అడగడు. తెచ్చి ఇచ్చేదాకా నాలుక పిడచకట్టుకుని కూర్చుంటాడు. అదో గొప్ప.

అందుకని సాస్తి గనిలో బొగ్గు మోసే డంపర్ నడిపే మా అక్క మొగుణ్ని అడిగాను. బూట్లయినా, తాడయినా, టార్చి అయినా గనిలో వాడేదే గట్టిదని మా ఊళ్లో అందరి నమ్మకం.

"మా డంపర్ ఆక్సిల్‌ల పోసేది చెప్త, గదే తెచ్చుకో. గుట్టంత బొగ్గు మోస్తది. నీ ట్రాక్టర్ ఎంత?" అన్నాడు బావ.

"ట్రాక్టర్‌ల కల్టివేటర్‌ను లేపే లిఫ్టు గూడ గేర్ల నూనె మీదనే నడుస్తది గద బావా?"

"నూనె నూనెనే బామ్మర్ది. చిక్కగుంటె ఇంకా మంచిది."

చంద్రపూర్ వెళ్లి అచ్చం అదే తెచ్చాను. పాతది వంచేసి కొత్తది పోస్తుంటే బెల్లం పాకంలా జారింది. సుజాత గుమ్మంలో నిలబడి చూసింది.

"గింత చిక్కగున్నదేంది?"

"బలం," అన్నాను.

తెల్లారి చేనులో కల్టివేటర్ దించాను. సాళ్లు బాగానే పడ్డాయి. గట్టు దగ్గర లేపబోతే లిఫ్టు కదల్లేదు, లోపలి నుంచి ఏడుపు వినిపించింది. అంత చిక్కటి నూనెను పంపు పీల్చలేదని నాకేం తెలుసు? ఇంకాస్త పోనిస్తే లేస్తుందేమోనని పోనిచ్చాను. గట్టు తెగింది. పక్క చేను విఠల్ కాక బెండ సాళ్లలోకి దున్నుకుంటూ వెళ్లాను.

"అరే బాబా, కుఠే చాల్లాస్?" ఎక్కడికి పోతున్నావురా అని మరాఠీలో అడిగాడు కాక, నీరసంగా.

ట్రాక్టర్ అక్కడే వదిలేసి నడిచి వచ్చాను. ఉత్తరాన మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది. నాకు నిజంగానే భయమేసింది. సుజాత డబ్బాలో మిగిలిన నూనెలో వేలు ముంచి చూసింది.

"గిది ఉత్త గేర్లకే. గేర్లకూ లిఫ్టుకూ రెండిటికీ పనికొచ్చే పలుచటి నూనె వేరే ఉంటది. దుకాణంల ట్రాక్టర్ పేరు, మోడల్ చెప్పి అడుగు, ఇస్తరు."

మళ్లీ చంద్రపూర్. మళ్లీ ట్రాక్టర్ కింద పడుకుని వంచడం. కొత్త నూనె పోయగానే లిఫ్టు ఏమీ ఎరగనట్టు లేచింది. దుక్కి అయ్యాకే వాన పడింది. నడుము నొప్పి మాత్రం ఇప్పటికీ ఉంది.

వాన పడిన ఆ సాయంత్రం సుజాతను అడిగాను. "మీ నాయనకు ఎప్పుడు ఫోన్ చేసినవ్?"

"చెయ్యలే."

"మరి నీకెట్ల తెలుసు?"

"పెండ్లి అయ్యేదాంక మా షెడ్డుల నూనె మార్చింది నేనే."

"ముందుగాల చెప్పద్దా?"

"మా నాయననే అడగకపోతివి. నన్ను అడుగు అంటె అడుగుతుంటివా?"

అడిగేవాణ్ని కాదు. అది ఇద్దరికీ తెలుసు. అందుకే బానెట్ మీద చెయ్యి పెట్టి గంభీరంగా ప్రమాణం చేశాను, సుజాతను అడగకుండా ఈ ట్రాక్టర్‌లో చుక్క నూనె పొయ్యనని. ఇప్పటిదాకా ఆ మాట తప్పలేదు. ఆమె నన్ను డబ్బా ముట్టుకోనిస్తే గదా తప్పడానికి.