సుగుణ సిస్టర్ సంతకం పెట్టని కాగితం

నా రిటైర్మెంటుకు రెండేళ్ళ ముందు, జూన్ నెలలో, కె.ఆర్.పురం దగ్గరి ఒక ఆసుపత్రికి నన్ను సీనియర్ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా వేశారు. మొదట అప్పగించిన పని బ్లడ్ బ్యాంకు సాఫ్ట్‌వేర్‌ను పాత సర్వర్ నుంచి కొత్తదానికి మార్చి, పాత డిస్కులో ఉన్నదంతా తుడిచేయడం. తుడిచే ముందు ‘అన్నీ సరిగా వచ్చాయి’ అని ఆ విభాగం ఇన్‌చార్జి సంతకం చేయాలన్నది నిబంధన. దాన్ని నేను ఉత్త లాంఛనం అనుకునేవాణ్ణి.

మా సర్వర్లు నడిచేది లినక్స్ మీద. అందులో సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే దాని ఫైళ్ళన్నీ ఒకే ఫోల్డర్‌లో కూర్చోవు. నడిచే ప్రోగ్రాము /usr/bin లోకి, సెట్టింగులు /etc లోకి, సహాయ పత్రాలు /usr/share లోకి పోతాయి. విండోస్‌తో పెరిగినవాళ్ళు ఇక్కడే తికమకపడతారు. మేము వాడే లినక్స్ రకంలో dpkg -L అని కొట్టి పక్కన ప్యాకేజీ పేరు, అంటే ఎక్కించిన సాఫ్ట్‌వేర్ పేరు, రాస్తే చాలు, అది తెచ్చిపెట్టిన ప్రతి ఫైలు చిరునామా వరుసగా వస్తుంది. ఆ జాబితా తీసి, ఒక్కొక్క ఫైలూ కొత్త యంత్రంలో చూసి టిక్కు పెట్టాను. ప్రోగ్రాము ఏ తప్పూ చూపకుండా తెరుచుకుంది. డిస్కు మధ్యాహ్నం తుడుద్దామనుకుని సంతకానికి వెళ్ళాను.

ఇన్‌చార్జి సుగుణ సిస్టర్ బళేపేటలో పుట్టి పెరిగిన మనిషి, ఇంచుమించు నా వయసే. కలం తీయకుండా, ముందు ఒక పేరు చూపించమంది. మర్నాడు సిజేరియన్ ఉన్న ఒకామెది బాంబే గ్రూపు రక్తం. అది చాలా అరుదు, వాళ్ళకు ఓ గ్రూపు కూడా పనికిరాదు. ఆ గ్రూపు దాత ఒకతను బొమ్మనహళ్ళిలో బట్టలు కుట్టే పనిలో ఉన్నాడు. అతని నంబరు కావాలి.

తెర మీద దాతల పట్టిక ఖాళీగా ఉంది.

“అన్నీ వచ్చి ఉండాయంటిరి కదప్పా. నా మనుషులు యాడ ఉండారు?” అంది.

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు టిక్కుల కాగితం ఆమె ముందుంచాను. ఆమె దాన్ని పక్కకు జరిపింది.

“ఈ కాగితం ఎక్కిస్తారా ఆ ఆడబిడ్డకి? ఆ పేర్లన్నీ నేనే కూర్చోని టైపు చేసినాను.”

అప్పుడు అర్థమైంది, భయం కూడా వేసింది. ఆ జాబితా, ఎక్కించిన రోజు ప్యాకేజీ తెచ్చిపెట్టిన ఫైళ్ళనే చెబుతుంది. తర్వాత ప్రోగ్రాము తయారుచేసుకున్నవి, అంటే సిస్టర్ టైపు చేసిన పేర్లు, అందులో ఉండవు. వాటిని ఎక్కడ దాచాలో సెట్టింగుల ఫైల్లో ఒక వరుసలో రాసి ఉంటుంది. ఆ ఫైలును నేనే నకలు చేశాను గానీ తెరిచి చదవలేదు. అక్కడ చెప్పిన చోట కొత్త యంత్రానికి ఏమీ కనబడక ఖాళీ పట్టిక పెట్టుకుంది.

కింద సర్వర్ గదికి వచ్చి పాత యంత్రం ఆన్ చేశాను. నాకు ముందున్న అడ్మినిస్ట్రేటర్ డేటాను /srv కింద పెట్టాడని సెట్టింగుల్లో ఉంది. అక్కడే దొరికింది. ప్రోగ్రాము ఆపి, ఆ ఫోల్డరంతా నకలు చేసి, ఆ ఫైళ్ళను ప్రోగ్రాము తెరవగలిగేలా అనుమతులు సరిచూసి మళ్ళీ నడిపాను. పేర్లు వచ్చాయి. సిస్టర్ వెంటనే ఆ దాతకు ఫోను చేసింది. దాత సాయంత్రం పని దిగి బస్సులో వచ్చాడు. ఆమె సంతకం మాత్రం మర్నాడు, తల్లీ బిడ్డా వార్డుకు చేరాకే పెట్టింది.

ప్యాకేజీ ఏం తెచ్చిందో ప్యాకేజీ జాబితా చెబుతుంది. మనుషులు అందులో ఏం పెట్టారో సెట్టింగులు చదివి, ఆ మనుషులనే అడగాలి. తర్వాత ఆ ఫారంలో సంతకానికి పైన ఒక గడి చేర్పించాను: ‘వాడేవారు అడిగిన ఒక పేరు కొత్త యంత్రంలో కనబడిందా?’ రిటైరయ్యేదాకా ఆ గడిని ఒక్కసారి కూడా నేను నింపలేదు. వాళ్ళ చేతే రాయించాను.